దగ్గరుండి చేయించేవాడు

దగ్గరుండి పని చేయించే పెద్దమనిషి శంషాబాద్ చుట్టుపక్కల విరివిగా కనబడే రకం. బెంగళూరు హైవే పక్కన కార్ల షెడ్డు ఎక్కడుంటే అక్కడ ఇతనూ ఉంటాడు. రిటైరయినవాడో, అవబోయేవాడో. 2008లో ఎయిర్‌పోర్టు మొదలయ్యాక ఏదో వెంచర్‌లో ఇల్లు కట్టుకున్నవాడు. మెకానిక్‌ని నమ్ముతాడు, చేతుల్ని మాత్రం నమ్మడు.

కారుకు జబ్బు ఆ వెంచర్‌లోనే మొదలవుతుంది. ఎవరికి తోచిన ఎత్తున వాళ్లు పోసుకున్న స్పీడ్ బ్రేకర్లలో ఒకటి ఇంజన్ అడుగున తగులుతుంది. అక్కడుండేది ఛాంబర్, అంటే ఇంజన్ ఆయిల్ నిలవుండే తొట్టి. దానికీ ఇంజన్‌కీ మధ్య బెండుదో రబ్బరుదో సన్నటి ప్యాకింగ్ ఉంటుంది. అది నలిగిందా, తెల్లారేసరికి కారు కింద నల్లటి చుక్క. మామూలు మనిషి చుక్క చూసి షెడ్డుకు పోతాడు. ఇతను చుక్క పడేచోట పాత పేపరు పరిచి, మూడు రోజుల చుక్కలకూ పెన్నుతో సున్నాలు చుట్టి, పక్కన తేదీ వేసి, ఆ పేపరు మడిచి పట్టుకొస్తాడు. మెకానిక్ దాన్ని స్కానింగ్ రిపోర్టులా చూడాలని ఆశ. మెకానిక్ దాంతో చేతులు తుడుచుకుంటాడు.

పనిలో పెద్ద రహస్యమేమీ లేదు. కారు లేపి స్టాండ్ల మీద నిలపాలి. వేడి చల్లారి గోరువెచ్చగా ఉండగా ఆయిల్ దించాలి. ఛాంబర్ చుట్టూ ఉన్న బోల్టులు గొట్టితో, అంటే సాకెట్ పానాతో విప్పి, అంచులకు అంటుకున్న పాత ప్యాకింగ్‌ను గీకి తీయాలి. అసలు కష్టం ఈ గీకుడే. కాస్త పొర మిగిలినా కొత్తది సరిగ్గా కూర్చోదు. పెద్దమనిషికి ఓపిక సన్నగిల్లేదీ ఇక్కడే. గొంతుక్కూర్చుని సెల్లు లైటు పట్టి, తను చూడదలచుకున్న చోటే వెలుగు పడేలా తిప్పుతుంటాడు. (ఈ వ్యాసం రాసినవారు ప్లంబరు విషయంలో ఇదే చేశారు, ప్లంబరు సగంలో వెళ్లిపోయాడు.) షెడ్డు జాగా గజం అప్పట్లో ఎంత పలికిందో, తనెందుకు కొనలేదో చెబుతాడు. నెత్తిమీద విమానం పోతే తలెత్తి, “ఇది దుబాయ్‌ది” అని తీర్పిస్తాడు. తల పైకెత్తిన ఆ అర నిమిషంలోనే మెకానిక్ పని సాగుతుంది.

చెడ్డవాడు కాదు. షెడ్డులో అందరికీ టీ చెప్పేది ఇతనే. సైలెన్సర్ తగిలి చెయ్యి కాలిన కుర్రాడికి డాష్‌బోర్డులోంచి బర్నాల్ తీసిచ్చి, పనిలో పనిగా ఏ తరగతిలో బడి మానేశాడో అడిగి చీవాట్లు పెట్టేదీ ఇతనే.

ఇక బిగింపు. చాలా కొత్త ఇంజన్లకు ప్యాకింగే ఉండదు, సిలికాన్ పేస్టు ఒక్కటే. దేనికైనా పద్ధతి ఒకటే: మధ్య బోల్టుల నుంచి చివరలకు, ఎదురెదురుగా, కొంచెం కొంచెంగా. ఇవి చిన్న బోల్టులు. మణికట్టు బలం చాలు. ఎక్కువైతే రేకు అంచు వంగుతుంది, ప్యాకింగ్ పిండినట్టు బయటికొస్తుంది.

“ఇంకో పావు చుట్టు తిప్పు బాబూ.”

“సాలు సార్. ఇంకా బిగిస్తే ప్యాకింగ్ పగులుతది.”

పెద్దమనిషి మాట్లాడడు. మెకానిక్ గొట్టి కిందపెట్టి టీకి పోయేదాకా ఆగుతాడు. తర్వాత ప్యాంటు పాడవకుండా గోనెసంచి వేసుకుని, కారు కిందికి దూరి, అందిన బోల్టుకల్లా తలా పావు చుట్టు తిప్పి, దుమ్ము దులుపుకుని యథాస్థానంలో నిలబడతాడు.

వారం తిరక్కుండా మళ్లీ పేపరు, మళ్లీ సున్నాలు. “ఈ రోజుల్లో ప్యాకింగుల్లో క్వాలిటీ లేదయ్యా” అంటాడు. మెకానిక్ కారు కిందికి వెళ్లి, చెయ్యి అందే వైపు బోల్టుల దగ్గరే కారుతోందని చూసి, ఏమీ అనడు. రెండోసారి కూలి కూడా తీసుకోడు. టీకి వెళ్లేటప్పుడు మాత్రం గొట్టి జేబులో వేసుకుపోతాడు.