ప్లాస్టిక్ పులికి టీకా తాత్పర్యము

అవతారిక

మల్లినాథ సూరిది మెదక్ జిల్లా కొల్చారం. మా ముత్తాతలు కూడా తెలంగాణ నుంచే మగ్గం గుంతలు విడిచి షోలాపూర్ వచ్చినవాళ్లు కనుక ఆయనను మేం కొంచెం చుట్టం కింద లెక్కేసుకుంటాం. మూలంలో లేనిది రాయననీ, అక్కరలేనిది పలకననీ ఆయన నియమం పెట్టుకున్నాడు. నేను మొదటి అడుగులోనే నియమం తప్పుతున్నాను. నా టీకకు మూలం ఎక్కడా దొరకలేదు. పద్యం కూడా నేనే అల్లుకున్నాను.

సంగతి ఇదీ. మా అక్క కొడుకు పగలు చద్దర్లకు జకార్డ్ డిజైన్లు కంప్యూటర్‌లో గీస్తాడు. రాత్రి జర్మన్ యుద్ధ ట్యాంకుల బొమ్మలు అతికిస్తాడు. ఆ అతుకుళ్ల కోసం పుస్తకాలు తెప్పిస్తాడు: స్పీల్‌బెర్గర్, జెంట్జ్, డోయల్ రాసిన లావుపాటివి, ఆస్ప్రే వాళ్ల సన్నపాటివి. ఒక రోజు అక్క నన్ను పిలిచి, "తమ్మీ, నువ్వు తెల్గు సారువు గదా, గా పుస్తకాలల్ల ఏమున్నదో జర చూడు. పెండ్లి సంబంధం మాట ఎత్తితె గా పుస్తకంల మొకం పెడ్తున్నడు" అంది. చూశాను. నాలుగు పేజీలు తిప్పేసరికి నాకు పుట్టింటికి వచ్చినట్టయింది. పైన ఒక మాసిన ఫోటో, సగం ట్యాంకు, సగం చెట్టు కొమ్మలు. కింద పన్నెండు పంక్తుల చిన్న అక్షరాలు: ఎడమ దీపం ఎందుకు లేదు, ఈ మూత ఏ నెల నుంచి మారింది, ఫలానా పండితుడు దీన్ని జూన్ బండి అన్నది ఎందుకు పొరపాటు. వావిళ్ల వారి కావ్యాలకు అట్ట మార్చి అమ్మినట్టుంది.

మూలము

పులికి చక్రములును బురదయు వేఱయా
తెలిసి యతుకువాఁడె తెలివిగాఁడు
ఐదుగురును లోన నడఁగిరి మూతతో
జోడుభావిపేట చూడు మనుజ

ప్రతిపదార్థము

మనుజ = ఓ మనుష్యుఁడా (మా అక్కను ఉద్దేశించి); జోడుభావిపేట = జోడ్‌భావి పేట యందు; చూడు = చూడుము; పులికి = టైగర్ అను ట్యాంకునకు; చక్రములును = చక్రములూ; బురదయు = వాటికంటిన రొచ్చూ; వేఱు అయా = బండి బండికీ వేరు సుమా; తెలిసి = పుస్తకము చదివి ఎఱిఁగి; అతుకువాఁడె = జిగురు పెట్టువాఁడె; తెలివిగాఁడు = బుద్ధిమంతుఁడు; ఐదుగురును = కమాండరు, గన్నరు, లోడరు, డ్రైవరు, రేడియోవాఁడు అను ఐదుగురున్నూ; మూతతో = మూత పడుటతో; లోనన్ = లోపలనే; అడఁగిరి = కనఁబడకపోయిరి.

వ్యాఖ్య

జోడుభావిపేట. జోడు అనగా జంట, భావి అనగా బావి. జంట బావుల పేట. సంస్కృత పండితులు దీన్ని జంట భవిష్యత్తుల పేట అని విడదీయగలరు. అది సరి కాదు. ఇక్కడ ఒక భవిష్యత్తుకే సాంచాల (మరమగ్గాల) గిరాకీ చాలడం లేదు.

పులికి. కాసెల్ పట్నంలో హెన్షెల్ వాళ్లు రైలింజన్లు చేసేవాళ్లు. 1942 ఆగస్టు నుంచి 1944 ఆగస్టు దాకా అక్కడే సుమారు 1,350 టైగర్లు తయారయ్యాయి. ఒక్కోటి 57 టన్నులు, 88 మిల్లీమీటర్ల ఫిరంగి. ఫిరంగి మూతితో కలిపి పొడుగు ఎనిమిదిన్నర మీటర్లకు కొద్దిగా తక్కువ. దాన్ని 35తో భాగిస్తే మా వాడి మంచం కింద 24 సెంటీమీటర్లు ఆక్రమిస్తుంది.

35 ఎందుకు, 30 కాకూడదా? పూర్వం జపాన్‌లో టమియా వాళ్లు మోటారుతో నడిచే పాంథర్ ట్యాంకు బొమ్మ ఒకటి చేశారు. మోటారు, బ్యాటరీలు పట్టేంత పెట్టె చేసి తర్వాత కొలిస్తే అది ముప్పై అయిదో వంతు తేలింది. అదే లోకానికి కొలత అయి కూర్చుంది. బ్యాటరీలు పోయాయి, 35 మిగిలింది. శాస్త్రమని మనం తలవంచే వాటిలో ఇలాంటివి ఎన్నో, నేను లెక్కపెట్టబోను.

ఇక్కడ ఒక వ్యాకరణ విశేషం చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. టైగర్‌కు తమ్ముడు ఒకడున్నాడు, దాదాపు 70 టన్నులవాడు. జర్మన్లు అతన్ని 'కోనిగ్స్‌టైగర్' అన్నారు. ఇంగ్లీషువాళ్లు ఆ సమాసాన్ని రాజు, పులి అని విడదీసి 'కింగ్ టైగర్' అనేశారు. జర్మన్ భాషలో అది రూఢి పదం. దానికి బెంగాల్ పులి అని అర్థం. పంకజం అంటే బురదలో పుట్టిన కప్ప అని చెప్పడం లాంటి తప్పు ఇది. హిట్లర్ ఇనుముకు పేరు మన సుందర్‌బన్స్ నుంచి పోయిందన్నమాట. ఇక 188 టన్నుల ట్యాంకు ఒకటి మొదలుపెట్టి దానికి ఎలుక అని పేరు పెట్టారు. ఆలంకారికులు దీన్ని విపరీత లక్షణ అంటారు. రెండు ఎలుకలు చేసేసరికి యుద్ధం అయిపోయింది.

చక్రములును. టైగర్‌కు పక్కకు ఎనిమిది ఇరుసులు, ఇరుసుకు మూడు చక్రాలు. రెండు పక్కలా కలిపి 48. అవి ఒకదాని సందులో ఒకటి దూరి ఉంటాయి. బరువు సమంగా పంచడానికి అలా చేశారు. లోపలి చక్రం చెడితే బయటివన్నీ విప్పాలి. రష్యా చలికి సందుల్లో బురద గడ్డకట్టి తెల్లారేసరికి బండి కదిలేది కాదు. మా సాంచా మీద నడిమి పోగు తెగితే పక్క పోగులు విప్పరు. వేలు దూర్చి ముడి వేసి మళ్లీ నడిపిస్తారు. ఆ ఇంజనీరు మా పేటకు ఒకసారి వచ్చి ఉంటే బాగుండేది.

పాఠభేదం: 1944లో రబ్బరు చక్రాలు పోయి ఉక్కు అంచు చక్రాలు వచ్చాయి, ఇరుసుకు రెండే. కనుక తన బండి ఏ నెలదో తేల్చుకోనిదే మా వాడు జిగురు సీసా మూత తీయడు. రైలెక్కించేటప్పుడు వెడల్పు పట్టక బయటి చక్రాలు విప్పేసి, 725 మిల్లీమీటర్ల గొలుసులు తీసి 520వి తొడిగేవారు. ఇది తెలియకుండా అతికిస్తే యుద్ధభూమిలో రైలు కాళ్ల బండి నిలబడుతుంది. అంత తప్పు నేను ఛందస్సులో కూడా చేయలేదు.

బురదయు. ఇందులో మా వాడు పుస్తకాలను మించాడు. ఉక్రెయిన్‌ది నల్లమట్టి అని చదివి, ఊరి బయటి నల్లరేగడి తెచ్చి, పాత చద్దరు గుడ్డలో జల్లెడ పట్టాడు. బొమ్మ చిన్నదయినప్పుడు బురద కూడా సన్నబడాలి కదా. అక్క దాన్ని కాఫీ పొడి అనుకుంది. తర్వాతి కథ ఊహించుకోవచ్చు.

బురదకు ముందు పూత ఉంది. శత్రువు అయస్కాంతపు మందుపాతర అంటించకుండా 1943 రెండో సగం నుంచి సుమారు ఏడాదిపాటు జర్మన్లు ట్యాంకులకు జిమ్మెరిట్ అనే లేపనం పూశారు. అందులో రంపపు పొట్టు కూడా కలిపేవారు. తడిగా ఉండగానే దాన్ని గాట్లు గాట్లుగా దువ్వేవారు. పుస్తకంలో ఆ ఫోటో చూసి అక్క ఠక్కున "తువ్వాలు నేత" అంది. నిజమే, కొన్ని బండ్ల మీద అది అచ్చం గళ్ల తువ్వాలే. అంత సన్నటి గాట్లు 35వ వంతులో గీయడానికి పరికరాలు అమ్ముతారట. మా వాడు విరిగిన పన్నె ముక్కతో దువ్వేశాడు. ఏ పుస్తకమూ చెప్పని ఈ కిటుకు మీద హక్కు జోడ్‌భావి పేటదే.

వేఱయా. ఈ పదం చిన్నది, రగడ పెద్దది. పుస్తకాల్లో ఫోటోలు చాలావరకు నలుపు తెలుపు. ఎదుటి పేజీలో రంగు బొమ్మ మాత్రం ధగధగలాడుతుంది. 1943 ఫిబ్రవరి దాకా బండి ముదురు బూడిద, ఆ తర్వాత ముదురు పసుపు. దాని మీద ఆకుపచ్చ, ఎర్రగోధుమ చారలు. ఆ రంగులు ముద్దగా డబ్బాల్లో వచ్చేవి. సిపాయిలు వాటిని నీళ్లలోనో పెట్రోలులోనో కలిపి పిచికారీ చేసేవారు. ఎంత కలిపారు? ఎవడి చెయ్యి ఎంత వంగితే అంత. "మామా, గీ పుస్తకంల పసుపు గా పుస్తకంల పసుపు ఒక్కతీరు లేదు. ఏది ఖరా?" అని మా వాడు అడిగాడు. రంగుల కార్ఖానాలో పనిచేసి రిటైరైన మా బావ పక్కనే ఉన్నాడు. "ఒకటే రసీదు మీద వచ్చిన రెండు లాట్లు ఒక్కతీరు ఉండయి. వాడు లడాయిల కలిపిండు, నీకు ఖరా కావాల్నా?" అన్నాడు. నలుపు తెలుపు మూలానికి రంగుల టీక రాయడం మల్లినాథుడి నియమానికి నేరుగా విరుద్ధం. అయితే రంగు బొమ్మలు లేకపోతే ఆ పుస్తకం ఎవరూ కొనరు. ఆయనకు ప్రకాశకుల బాధ లేదు.

ఐదుగురును. మా వాడి పుస్తకాల్లో చదవదగ్గ భాగం ఇదే. టైగర్ సిబ్బందికి 1943 ఆగస్టులో ఒక వాచకం ఇచ్చారు, 'టైగర్‌ఫీబెల్'. ఇంజను సంగతులూ గురి లెక్కలూ కుర్రవాళ్లు చదవరని వాటిని పద్యాల్లో కట్టి, అమ్మాయి బొమ్మలు వేసి అచ్చువేశారు. ఇనుప శాస్త్రాన్ని ఛందస్సులో చెప్పినవాడు నాకంటే ముందే ఉన్నాడు. కనుక నా ఆటవెలదిని ఆక్షేపించే హక్కు ఎవరికీ లేదు.

ఐదుగురూ ఒకే ఇనుప గదిలో, చెవులు పగిలే మోతలో, ఒకడి చేతి వేగం మీద ఇంకొకడి ప్రాణం. లోడరు గుండు అందించకపోతే గన్నరు ఉత్తవాడు. మగ్గం ఇల్లు ఎరిగినవాళ్లకు ఇది చెప్పక్కరలేదు. ఒకరు ఆసు పోస్తే, ఒకరు కండెలు చుడితే, నాడె విసిరేవాడికి పేరు.

ఇక్కడ పూర్వపక్షం. అక్క అంది: "హిట్లర్ బండి మనింట్ల ఎందుకు?" మా వాడు ఇంజను గొప్ప చెప్పబోయాడు. నేను ఆపాను. అది జవాబు కాదు. అతని దగ్గరున్న పుస్తకాల్లో ఏ బోల్టు ఏ నెలలో మారిందో ఉంది. ఆ బోల్టు బిగించిన చేతుల్లో ఎన్నో పట్టి తెచ్చిన వెట్టి కూలీలవి. హెన్షెల్ కార్ఖానాలో వాళ్లు వేలమంది. వాళ్లకు ఒక్క పాదసూచిక లేదు. మైకేల్ విట్‌మన్ అనే కమాండరు 1944 జూన్ 13న నార్మండీలో ఏయే బండ్లు పేల్చాడో నిమిషాల లెక్క ఉంది. అతను నాజీల ఎస్ఎస్ దళం వాడన్నది బొమ్మ కింద కాలరు గుర్తుగా మాత్రం ఉంది, ఏ రంగుతో దిద్దాలో చెప్పడానికి. మూలంలో లేనిది రాయడం ఒక దోషమైతే ఉన్నదాన్ని మింగడం ఇంకో దోషం. అలంకారశాస్త్రంలో దీనికి పేరు లేదు, పెట్టాలి.

ప్రసంగవశాత్తు: ఆ కాలంలో మా ఊరు పైదేశానికి పంపినవాళ్లలో చరిత్రకెక్కిన మనిషి డాక్టరు. ద్వారకానాథ్ కోట్నీస్ 1938లో గాయపడ్డవాళ్లకు కట్లు కట్టడానికి చైనా వెళ్లాడు. 1942 డిసెంబరులో అక్కడే పోయాడు, తొలి టైగర్లు యుద్ధానికి దిగిన ఏడాదే. ఆయన బొమ్మ కూడా చేయమన్నాను. "ముప్పై అయిదో వంతుల కిట్ రాలేదు మామా" అన్నాడు.

అహ్మద్‌నగర్‌లో (ఇప్పటి అహిల్యానగర్) సైన్యం వాళ్ల ట్యాంకుల మ్యూజియం ఉంది. మా వాడు బస్సెక్కి పోయి ఒక రోజంతా తిరిగి వచ్చాడు. అక్కడ టైగర్ లేదు. ట్యునీషియాలో 1943 ఏప్రిల్‌లో ఇంగ్లీషువాళ్లకు చిక్కిన 131 నంబరుది ఇంగ్లండ్‌లో బోవింగ్టన్‌లో ఉంది. తాళపత్రం చూడకుండానే కావ్యానికి టీక రాసినవాళ్లు మనలోనూ తక్కువేం కాదు కనుక అతన్ని నేను ఏమీ అనలేదు.

లోన నడఁగిరి మూతతో. పద్యంలో ఐదుగురూ అన్నాను గానీ, బొమ్మలో కనబడేది నడుము దాకా పైకి లేచిన కమాండరు ఒక్కడే. మిగతా నలుగురు లోపల. మూత అంటించాక దేవుడికి కూడా కనబడరు. చాలామంది వాళ్లను పెట్టరట. మా వాడు నలుగురినీ పెట్టాడు. ఐదు సెంటీమీటర్ల మనిషికి చొక్కా గుండీలు దిద్దాడు. లోడరుకు మూడు రాత్రులు పట్టింది, చేతిలో గుండుతో సహా. ఎవరు చూస్తారురా అంటే తల ఎత్తకుండా "అమ్మ కండెలు ఎవరు చూస్తున్నరు?" అన్నాడు.

తాత్పర్యము

టైగర్ ట్యాంకు చక్రాలూ బురదా బండి బండికీ వేరు. పుస్తకం చదివి అతికించేవాడే తెలివైనవాడు. మనుషులు లోపలే ఉండిపోయారు. జోడ్‌భావి పేటకు వచ్చి చూడవచ్చు.

అనుబంధము: దసరాకు ఇల్లు దులుపుతూ అక్క ట్యాంకు ఎత్తితే లోపల గలగలమంది. జిగురు వదిలినట్టుంది, లోడరు ఊడిపడ్డాడు. మూత తీస్తే జిమ్మెరిట్ పగులుతుంది. ఇప్పుడు దాన్ని ఎవరూ ఎత్తడం లేదు. దాని చుట్టూనే తుడుస్తున్నారు.