ముందుగా యాంటీవైరస్ ఆపండి

2025 అక్టోబరు 14 దాటింది మొదలు మా పేటలో కంప్యూటర్ షాపుల వాళ్ల మొహాలు వెలిగిపోతున్నాయి. విండోస్ 10కి నూకలు చెల్లాయి కాబట్టి అందరూ 11 వేయించుకోవాలట. వేస్తారు. గంట పని, మూడొందలు. ‘లైఫ్‌టైమ్ యాక్టివేషన్ సార్, మళ్లీ మా మొహం చూడక్కర్లేదు’ అని అభయం కూడా. కంపెనీ వేలల్లో అమ్మే సరుకుని మూడొందలకే జీవితాంతం రాసిచ్చే ఈ దాతల ముందు కర్ణుడైనా లేచి నిలబడాల్సిందే.

ఆ జీవితాంతం ఎంతో చూద్దాం. ఈ యాక్టివేటర్లలో బాగా చలామణీ అయ్యేవి కేఎమ్మెస్ పేరు పెట్టుకుని తిరుగుతాయి. అసలు కేఎమ్మెస్ మైక్రోసాఫ్ట్‌దే. పెద్ద ఆఫీసులు తమ సిస్టమ్‌లన్నిటినీ లోపలి సర్వర్‌తోనే యాక్టివేట్ చేసుకోవడానికి పెట్టిన ఏర్పాటు. కనీసం 25 సిస్టమ్‌లు అడిగితే గాని విండోస్‌కి అది పలకదు. పలికినా 180 రోజులకే చెల్లుతుంది, ఈలోగా మళ్లీ సర్వర్‌ని పలకరించాలి. షాపు కుర్రాడు వేసే సరుకు మీ ఇంట్లో ఒంటరిగా పడున్న లాప్‌టాప్‌ని పట్టుకుని, నువ్వున్నది ఏదో పెద్ద కార్పొరేట్ ఆఫీసులోనని నమ్మిస్తుంది. ఆ అబద్ధం వాడిపోకుండా నీళ్లు పోయడానికి ఓ ప్రోగ్రాముని వెనకాల కూర్చోబెడుతుంది. లైఫ్‌టైమ్ ఎవరికైనా ఉంటే దానికే ఉంది.

అసలు తమాషా ఇది కాదు. యూట్యూబ్‌లో ఈ విద్య నేర్పే తెలుగు గురువుల్లో ఎవరినైనా తీసుకోండి. మొదట లైక్ కొట్టమంటారు, తర్వాత బెల్ నొక్కమంటారు. మూడో మాట: ‘ఫ్రెండ్స్, ముందుగా మీ యాంటీవైరస్ ఆఫ్ చేసేయండి.’ ఎందుకయ్యా అంటే, ‘అది దీన్ని వైరస్ అనుకుంటుంది ఫ్రెండ్స్. ఏం కాదు.’

ఏం కాదు! ఈ రెండు ముక్కల మీదే నడుస్తోంది వ్యాపారమంతా. వాకిట్లో కుక్క మొరుగుతుంటే వచ్చినవాడు ‘దాన్ని కట్టేయండి, దానికి నేనంటే ఎందుకో అపోహ’ అన్నాడట, ఇంటాయన కట్టేసి కాఫీ కూడా ఇచ్చాడట.

ఒకసారి ఆపితే సరిపోదు. రేపు అది మళ్లీ లేచి మొరగొచ్చు కాబట్టి ఫలానా ఫోల్డర్ వైపు ఇకమీదట కన్నెత్తి చూడొద్దని దానికి చెప్పి పెట్టాలి. దిగిన జిప్ ఫైలుకి పాస్‌వర్డ్ కూడా ఉంటుంది, కింద డిస్క్రిప్షన్‌లో ఇచ్చామంటారు. మీ భద్రత కోసమనుకున్నారా? లోపలేముందో ఏ స్కానరూ విప్పి చూడకుండా. ఆఖరున ‘రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్’. ఓటీపీని కట్టుకున్న పెళ్లానికి కూడా చెప్పని జాగ్రత్తపరుడు, ఊరూ పేరూ లేని ప్రోగ్రాముకి సిస్టమ్ మొత్తం రాసిచ్చి, డెస్క్‌టాప్ మూల యాక్టివేట్ చేయమని సతాయించే అక్షరాలు పోయాయని సంబరపడతాడు. యాక్టివేట్ చేయకపోతే విండోస్ చేసేది మహా అయితే ఆ అక్షరాలు చూపించడమూ, వాల్‌పేపర్ మార్చుకోనివ్వకపోవడమూను. అలా వాడటమూ లైసెన్సు కిందికి రాదనుకోండి. అయినా ఈయన ఇల్లు రాసిచ్చింది వాల్‌పేపర్ కోసమన్నమాట.

ఈ వీడియోల కింద ఓ అనుభవజ్ఞుడు తప్పక ఉంటాడు: ‘మూడేళ్లుగా వాడుతున్నా బ్రో, ఏం కాలేదు.’ ఏం కాలేదని నీకు చెప్పిందెవరు నాయనా? చెప్పాల్సినదాని నోరు నొక్కింది నువ్వేగా!

2021 డిసెంబరులో రెడ్ కానరీ అనే భద్రతా సంస్థ కేఎమ్మెస్‌పికో పేరుతో తిరుగుతున్న ఓ ఇన్‌స్టాలర్ని విప్పి చూపించింది. లోపలున్నది క్రిప్ట్‌బాట్. బ్రౌజర్లో దాచుకున్న పాస్‌వర్డ్లు, కార్డు వివరాలు ఊడ్చుకుపోయే రకం. అది విండోస్‌ని కూడా శుభ్రంగా యాక్టివేట్ చేసి పెట్టేది, అనుమానం రాకుండా. స్టాప్ అనే రాన్సమ్‌వేర్ ఎక్కువగా వచ్చింది కూడా ఈ క్రాకుల దారినే. ఫైళ్లన్నిటికీ తాళం వేసి 980 డాలర్లు కట్టమనేది, 72 గంటల్లోపు కడితే సగానికి సగం తగ్గింపు. ఆషాఢం సేలు వాళ్లకీ ఉంది.

మైక్రోసాఫ్ట్‌కి నష్టమొస్తోందని కాదు నా ఏడుపు. దాని సంగతి అది చూసుకోగలదు. నా మంట నెట్ సెంటర్ల మీద. ఈ క్రాకు సిస్టమ్‌ల మీద టైపవుతున్న ఆధార్ నంబరు ఎవరిది? పింఛను కోసం మనవణ్ణి పట్టుకొచ్చిన ముసలమ్మది. ఈఏపీసెట్ కౌన్సెలింగ్‌కి సర్టిఫికెట్లన్నీ స్కాన్ చేయించుకుంటున్న పిల్లది. పాన్ కార్డు, పాస్‌బుక్కు మొదటి పేజీ, ఫోన్లో వచ్చిన ఓటీపీ అన్నీ అక్కడే. యాంటీవైరస్ ఆపమని వాళ్లెవరూ అడగలేదు. ఆపారని వాళ్లకి తెలియదు. మిగిలిన డబ్బులు షాపాయన జేబులోకి, పోతే పోయేది ముసలమ్మ పింఛను. పైగా గోడ మీద ‘మీ నమ్మకమే మా పెట్టుబడి’ అని బోర్డు. నిజమే రాశారు. ఒళ్లు మండిపోతుంది.

దొంగ కాపీ అని తెలిసీ సాఫ్ట్‌వేర్ వాడితే కాపీరైట్ చట్టం 63బి సెక్షను కింద ఏడు రోజుల నుంచి మూడేళ్ల దాకా జైలు, 50 వేల నుంచి 2 లక్షల దాకా జరిమానా. వ్యాపారానికి వాడనివాళ్ల మీద కోర్టు కాస్త కనికరం చూపొచ్చు. సెంటర్ నడిపేవాళ్లకి ఆ వీలు లేదు.

కడుపు మండే ముచ్చట ఇంకోటుంది. విండోస్‌తో కొన్న లాప్‌టాప్ అయితే లైసెన్సు డబ్బు మీరు ఆరోజే కట్టేశారు. విండోస్ 8 కాలం నుంచీ చాలా కంపెనీల లాప్‌టాప్‌లలో ఆ కీ మదర్‌బోర్డులోనే ఉంటుంది. అదే ఎడిషన్ మళ్లీ వేస్తే, నెట్ తగలగానే దానంతటదే యాక్టివేట్ అవుతుంది. తగిన మెషీన్ అయితే 10 నుంచి 11కి మారడం పూర్తిగా ఉచితం. మెషీన్ పాతదైతే, ఇళ్లలో వాడే విండోస్ 10కి 2026 అక్టోబరు దాకా సెక్యూరిటీ అప్‌డేట్లు ఇస్తామన్నారు. మైక్రోసాఫ్ట్ అకౌంటుతో సెట్టింగులు బ్యాకప్ చేసుకుంటే దానికీ పైసా లేదు. ఇవేవీ మన కుర్రాడు చెప్పడు. మీరు కొనుక్కున్న హోమ్ తీసిపారేసి, ‘ప్రో వేశా సార్’ అని గర్వంగా చెబుతాడు. మీ సొమ్ము చెరిపి దొంగసొమ్ము పెట్టినందుకు మూడొందలు.

ఉత్తరాలూ లెక్కలే మీ పనైతే లిబ్రే ఆఫీస్ ఉంది, ఉచితం. బ్రౌజర్లో వర్డూ ఉచితమే. పెళ్లి వీడియో కోసుకోవడానికి డావిన్చీ రిజాల్వ్ ఉచిత వెర్షన్ చాలు. ఫ్లెక్సీలకి ఇంక్‌స్కేప్, క్రీటా ఉన్నాయి. మండలి, రామభద్ర, ధూర్జటి లాంటి తెలుగు ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో ఊరికే దొరుకుతాయి. కానీ మన డీటీపీ వీరులు 2002లో వచ్చిన ఫొటోషాప్ 7 క్రాకుని వదలరు. ఆ ఏడాది పుట్టినవాళ్ల పెళ్లి ఫ్లెక్సీలు ఇప్పుడు అందులోనే కొడుతున్నారు. లైనక్స్ మాటెత్తితే ‘అది మనవాళ్లకి కష్టం సార్’ అంటారు. కేరళ సర్కారు బడుల్లో పిల్లలు దాని మీదే పాఠాలు నేర్చుకుంటున్నారు. వాళ్లకి రాని కష్టం మనకే వచ్చిందా?

ఈసారి షాపుకి వెళ్తే బేరమాడకండి, బిల్లు అడగండి. ‘విండోస్ లైఫ్‌టైమ్ యాక్టివేషన్, యాంటీవైరస్ ఆపి ఇవ్వడమైనది’ అని రాసి, జీఎస్టీ నంబరు వేసి, కింద సంతకం పెట్టమనండి. ఏం కాదన్నాడుగా, పెడతాడు.