పైసా ఎక్కువ పెట్టకుండా సీఎన్‌సీ సాఫీగా నడిపే చిట్కాలు

సిద్దిపేటలో టేకు తలుపుల మీద పద్మాలు, పూర్ణకుంభాలు చెక్కే సీఎన్‌సీ రూటర్ పెడుతున్నారా? బేరింగుల దగ్గర తల బద్దలు కొట్టుకోకండి. యంత్రం కదిలితే చాలు, మిగతాది మీ మాట నెట్టుకొస్తుంది.

1. షాఫ్టు కోసం రాజీవ్ రహదారి పట్టుకుని రాణీగంజ్ దాకా పోకండి. గట్టిపరిచిన షాఫ్టు, రాక్‌వెల్ 60 అంటూ లెక్కలు చెప్పి రేటు పెంచుతారు. వెల్డింగ్ షాపులో దొరికే ఎంఎస్ రాడ్డు కూడా గుండ్రంగానే ఉంటుంది. దానికే బాల్ బుష్ ఎక్కించండి. బుష్‌లోని గోళీలు గట్టివి, రాడ్డు మెత్తది, కాబట్టి కొన్నాళ్లకే గాడి పడుతుంది. గోరు పెట్టి చూడండి, సన్నటి చారలు తగులుతాయి. సంతోషించండి! జపాన్ టీహెచ్‌కే వాళ్లు 1972లో తెచ్చిన ఎల్ఎం గైడులో గోళీలకు గాడి ముందే చెక్కి ఉంటుంది, దానికి డబ్బు తీసుకుంటారు. మీకు ఊరికే వచ్చింది.

2. ప్లాస్టిక్ బుష్ వేయాలంటే నైలాన్ వేయండి. వానాకాలంలో తేమ పీల్చి ఉబ్బుతుంది, షాఫ్టును పట్టేస్తుంది. ఆ రోజుల్లో షట్టర్ దించి పడుకోండి. ఎండాకాలం వదులవుతుంది, మోటారుకు శ్రమ తగ్గుతుంది. డెల్రిన్ జోలికి పోకండి. అది తేమ పెద్దగా పీల్చదు, ఏడాది పొడవునా పని చేయిస్తుంది.

3. గన్‌మెటల్ బుష్ అయితే సుత్తితో దిగ్గొట్టండి. నూనె పొరకు సందు వదలాలనే టర్నర్ మాట వినకండి. బిగుతే కచ్చితత్వం.

4. ఎల్ఎం బ్లాకు చివర ఉండే రబ్బరు సీళ్లు పీకేయండి. బండి తేలిగ్గా జారుతుంది. గ్రీజు మాత్రం దండిగా పూయండి, తుడవకండి. టేకు పొట్టు అందులో కలిసి గట్టి ముద్దవుతుంది, అరిగిన చోట స్లాకు నింపుతుంది.

5. అసలు పనితనం డెలివరీలో ఉంది. గృహప్రవేశానికి ముందురోజు రాత్రి తలుపు దించండి. ముహూర్తం హడావుడిలో పద్మం గుండ్రంగా ఉందా, కోడిగుడ్డులా సాగిందా అని ఎవరూ చూడరు. అయినా ఒకరిద్దరు అడుగుతారు. “కర్ర పచ్చిగుండె అన్నా, ఎండితే సర్దుకుంటది” అనండి. ఇంకా గుచ్చి అడిగితే కరెంటు మీదికి నెట్టండి. వోల్టేజీని ఎవరూ సాక్షిగా పిలవలేరు. రేకుల అంచులు అలలు అలలుగా వచ్చాయా? చేతిపని అని చెప్పి ఇంకో వెయ్యి అడగండి.

6. డయల్ గేజు షాపులో ఉంచకండి. ఉంటే ఎవరో ఒకరు యంత్రానికి తగిలిస్తారు, ముల్లు ఊగుతుంది, లేనిపోని చర్చ మొదలవుతుంది. పక్క లేతు షాపు వాళ్లు అరువడిగితే వెంటనే ఇచ్చేయండి. తిరిగి అడగకండి.