నేను, రాయలవారి కాళంజిని

నన్నిప్పుడు పూలకుండీ అంటున్నారు. హైదరాబాదులో ఒక అపార్టుమెంటు ముందుగదిలో, టీవీ పక్కన, నోటినిండా ప్లాస్టిక్ లిల్లీలతో కూర్చున్నాను. కడుపు లావు, మెడ సన్నం, నోరు వెడల్పు. ఆ వెడల్పు పూల కోసం కాదు, రాయలవారు నమిలి ఉమ్మే తాంబూలం కోసం. నేను కాళంజిని. కొందరు తమ్మపడిగ అనేవారు. ఆ పేరు నాకంతగా నచ్చదు, చేసే పని మరీ బాహాటంగా చెప్పేస్తుంది.

ఈ ఇంటి కోడలికి చారిత్రక నవలల పిచ్చి. మొన్న చదువుతూ చదువుతూ ఆగి, "అత్తయ్యా, రాజు అవరోధానికి వెళ్ళాడని రాశారు. అవరోధమంటే అడ్డంకి కదండీ?" అంది. అత్తగారు వంటింట్లోంచే "మీ మామయ్యగారిని అడుగు, అవుననే అంటారు" అంది. అంతఃపురమమ్మా అని అరుద్దామనుకున్నాను. నోట్లో పూలాయె.

ఆ పిల్ల ఫోనులో అర్థాలు వెతుక్కుంటుంది. నన్నడిగితే ఇంకో దారి చెబుదును. కొలువు మాట ఏది కనబడినా ముందుగా చూడవలసింది ఒకటే: ఆ మనిషి రాజుకు ఎన్ని అడుగుల దూరంలో ఉన్నాడు? మొగసాల అంటే రాజనగరు వాకిలి, అక్కడ ఎవరైనా పడిగాపులు కాయవచ్చు. దాని తర్వాత హజారం, అంటే ముందుచావడి. హంపీలో హజార రామాలయాన్ని వేయి రాముల గుడి అనుకునేవాళ్ళున్నారు గాని, నగరు ముంగిటి హజారాన్ని బట్టే ఆ పేరు వచ్చిందని పండితులంటారు. లోపల కొలువుకూటం. అందరూ బారులు తీరిన నిండుకొలువైతే పేరోలగం. అదీ దాటితే అవరోధం. అక్కడికి నేను వెళ్ళగలిగేదాన్ని. మహామంత్రులు వెళ్ళలేరు.

నా స్థానం రాయలవారి ఎడమచేతి పక్క. 1520 ప్రాంతంలో డొమింగో పేస్ అనే పోర్చుగీసు యాత్రికుడు వచ్చి చూసినవన్నీ రాసుకున్నాడు. రాయలవారు తెల్లవారకముందే నువ్వులనూనె తాగి, ఒంటికీ అదే పట్టించి, సాము చేసి, మల్లులతో పెనుగులాడి, గుర్రమెక్కి తెల్లవారేదాకా తిరిగేవారని రాశాడు. నిజమే. ఆ వేళప్పుడు నాకు పనిలేదు. స్నానం, పూజ అయ్యాక స్తంభాల మండపంలో కూర్చునేవారు. మొదట మంత్రి అప్పాజీ తిమ్మరసు, మరికొందరు ఆంతరంగికులు. ఆ తరువాతే మొగసాలలో కాచుకున్న నాయకులకు పిలుపు.

వాళ్ళు వచ్చి దణ్ణాలు పెట్టి, ఎక్కడో గోడల వెంబడి నిలబడేవారు. ఒకరితో ఒకరు పలకరు. చేతులు కబాయి అనే పొడుగు అంగీ చేతుల్లో దూర్చుకుని, కళ్ళు నేలకు దించేవారు. రాయలవారు ఎవరితోనైనా మాట్లాడదలిస్తే మధ్యలో ఇంకో మనిషి ఉండాలి. అప్పుడే ఆ నాయకుడు తలెత్తి బదులు చెప్పాలి. ఏలికముందు తాంబూలం నమలడం వాళ్ళకు కూడదు. వేల గుర్రాలున్న నాయకులు, దవడ కదిలించే హక్కు లేదు! నాకెంత ముచ్చటగా ఉండేదో. నవలల్లో మాత్రం సామంతులు మీసాలు మెలేస్తూ, సింహాసనం ముందుకు దూకి సవాళ్ళు విసురుతుంటారు. విసిరితే విసరనీయండి, అమ్ముడుపోవాలి గదా.

దుస్తుల సంగతీ అంతే. సినిమావాళ్ళు రాయలవారి నెత్తిన కిరీటం పెట్టారు. ఆయన పెట్టుకున్నది కుళ్లాయి, జరీపని చేసిన పొడుగాటి టోపీ. తిరుమల గుడిలో ఇద్దరు దేవేరులతో ఉన్న ఆయన విగ్రహం చూడండి, నెత్తిన అదే ఉంటుంది. కుళ్లాయి, కబాయి రెండూ తురక కొలువుల నుంచి వచ్చిన ఉడుపు. అంతకు ముందే, ప్రౌఢదేవరాయల కొలువుకు వచ్చిన శ్రీనాథుడు కుళ్లాయి పెట్టుకుని పడ్డ తంటాలు చాటువులకెక్కాయి. ఇక కాళ్ళకు? ఏమీ లేదు. పేస్ చూసినప్పుడు రాయలవారిది ఒట్టి పాదమే. ఆయనున్న చోటికి ఇంకెవరు వచ్చినా చెప్పులు విప్పవలసిందే.

నాకు ఇటుపక్కన ఉండేవాడు అడపం పట్టేవాడు. అడపమంటే తమలపాకులు, వక్కలు పెట్టే సంచి. ఇంతేనా అని పేజీ తిప్పేయకండి. రాజు నోట్లోకి వెళ్ళేది అతని చేతి మీదుగా వెళ్ళాలి. అంటే విషం భయం లేనంత నమ్మకం ఉండాలి. 1535 ప్రాంతంలో న్యూనిజ్ అనే గుర్రాల వర్తకుడు పెద్ద పెద్ద అమరనాయకుల జాబితా రాస్తే, అందులో ఒక అడపనాయకుడున్నాడు. ఆకుల సంచికి అంత బరువుంది.

విడెం ఇవ్వడం కూడా ఒట్టి మర్యాద కాదు. 1443లో పారసీక రాయబారి అబ్దుర్ రజాక్ ప్రౌఢదేవరాయల కొలువుకు వచ్చినప్పుడల్లా రెండు విడెపు కట్టలు, 500 పణాల సంచి, కర్పూరం ఇచ్చి పంపేవారట. అది నా ముందుతరం కాళంజి చెప్పిన సంగతి.

రాయసం వాళ్ళు ఇంకాస్త ఎడంగా కూర్చునేవారు. రాయలవారి నోట వచ్చిన ప్రతి మాటా రాసుకునేవారు. ఎవరికైనా ఏదైనా దయచేస్తే, చేతికి దక్కేది ఉంగరపు ముద్ర వేసిన లక్క. అదే పట్టా. స్థానాపతి అనే మాట వస్తే, నాయకుడు తన సీమలో ఉన్నాడనీ, అతని తరఫున రాజధానిలో చెవులు రిక్కించి కూర్చున్నవాడు ఇతడనీ గుర్తుపెట్టుకోండి. అన్ని దూరాల్లోకీ కష్టమైన దూరం అతనిదే. ఏలికకు దగ్గర, యజమానికి దూరం.

1565 జనవరిలో రాక్షసి తంగడి యుద్ధంలో మనవాళ్ళు ఓడారు. తిరుమలరాయలు ఏనుగుల మీద ధనమెక్కించి పెనుగొండకు తరలిపోయాడు. నేను ఎవరి మూటలోనో పడి, ఎన్నో అంగళ్ళు మారి, ఇక్కడ తేలాను. నాకున్న బంగారుపూత దారిలోనే పోయింది. మాటలు పోలేదు. అడపా, రాయసం, స్థానాపతి, అన్నీ ఇంటిపేర్లయి తిరుగుతున్నాయి. ఈ కోడలిపిల్ల పుట్టింటివారు రాయసంవారేనట, పెళ్ళి శుభలేఖలో చూశాను. కాళంజివారని మాత్రం ఎవరూ తగల్లేదు.