మీటరును దారికి తెచ్చుకునే మార్గాలు

కరెంటు బిల్లు చేతికి రాగానే ఎన్ని యూనిట్లని చూడకండి, ఎన్ని రూపాయలని చూడండి. ఆ వేడి మీదే మీటరు దగ్గరికి వెళ్లి దాన్ని అనుమానించండి. గీజరునీ ఏసీనీ అనుమానించడం మర్యాద కాదు, అవి మనం ముచ్చటపడి కొనుక్కున్నవి. మీటరంటారా, అది కరెంటాఫీసువాళ్లు తెచ్చి బిగించింది.

ముందు లైట్ల సంగతి చూడండి. ఒకటి ఎప్పుడూ వెలుగుతూనే ఉంటుంది, ఇంట్లో మెయిన్ ఆపినా ఆరదు. వెంటనే ఫొటో తీసి "ఇంటికి తాళం వేసినా బిల్లు కొడుతున్నారు" అని అపార్ట్‌మెంటు వాట్సాప్ గ్రూపులో పెట్టండి. అది సప్లై ఉందని చెప్పే లైటేననీ, మీటరు నడవడానికి కావలసిన కాస్త కరెంటు మెయిన్‌కు ముందే లైను వైపు నుంచి అందుతుందనీ ఎవరో ఒకరు సర్దిచెప్పబోతారు. ఆయన్ని గ్రూపులోంచి తీసేయండి.

రెండోది మిణుకుమిణుకుమనే లైటు. మీటరు ముఖాన సన్నటి అక్షరాల్లో కిలోవాట్ అవర్‌కు 3200 అనో, ఇంకో అంకో రాసి ఉంటుంది. 3200 ఉంటే, అన్నిసార్లు మెరిసినప్పుడు ఒక యూనిట్ అయినట్టు. ఇంట్లో అన్నీ ఆపేసి ఒక్క 100 వాట్ల పాత బల్బు వేస్తే 11 సెకన్లకోసారి మెరుస్తుంది. 1000 వాట్ల ఇస్త్రీపెట్టె అయితే సెకను దాటీ దాటకుండానే. ఫోన్లో స్టాప్‌వాచ్ ఉన్నవాళ్లెవరైనా పది నిమిషాల్లో సరిచూసుకోవచ్చు. మీరు మాత్రం ఆ పని చేయకండి, లెక్క సరిపోయిందంటే ఇక తిట్టడానికి ఎవరూ మిగలరు. గీజరు, మోటారు, ఇస్త్రీపెట్టె మూడూ నడుస్తున్నప్పుడు చుట్టాలను పిలిచి ఆ లైటు చూపించండి.

"మీటరు గిర్రున తిరుగుతోంది" అనే మాటను కూడా వదలొద్దు. అల్యూమినియం చక్రం ఉన్న పాత మీటరు పోయాక లోపల తిరిగేదేమీ లేదు గానీ, ఆ మాటలో ఉన్న దమ్ము వేరు. ఇప్పుడు ఫేజు కరెంటు షంట్ అనే లోహపు పలక గుండా పోతుంది. వేడెక్కినా నిరోధం పెద్దగా మారదని దాన్ని మాంగనిన్‌తో చేస్తారు. నిరోధం ఓమ్‌లో వెయ్యో వంతు కూడా ఉండదు కాబట్టి దాని కొసల మధ్య పుట్టే వోల్టేజీ మిల్లీవోల్టుల్లోనే. ఇంకోపక్క వరుసగా పేర్చిన రెసిస్టర్లు లైను వోల్టేజీని చిప్పు తట్టుకునేంతకు దింపుతాయి. చిప్పు ఈ రెండిటినీ సెకనుకు వేలసార్లు కొలిచి, ఏ క్షణానిది ఆ క్షణమే గుణించి, కూడుకుంటూ పోతుంది. ఆ మొత్తం ఒక పల్సుకు సరిపడా అయినప్పుడల్లా లైటు ఒకసారి మెరుస్తుంది.

ఈ గుణకారం పట్టనివాళ్ల కోసమే "పవర్ సేవర్" డబ్బాలు పుట్టాయి. తప్పకుండా కొనండి. ప్లగ్గులో పెట్టగానే పచ్చలైటు వెలుగుతుంది, అదే సగం తృప్తి. విప్పి చూస్తే చాలావాటిలో ఉండేది ఒక కెపాసిటరు, ఆ పచ్చలైటుకు కావలసిన సరంజామా. మోటారు లాగే కరెంటులో కొంత పనికొస్తుంది, కొంత ఊరికే వచ్చి తిరిగిపోతుంది. కెపాసిటరు తగ్గించేది ఆ వచ్చిపోయేదాన్ని. క్షణక్షణం గుణించి కూడే మీటరులో అదెలాగూ ప్లస్సూ మైనస్సూ కొట్టేసుకుని సున్నా అవుతుంది. ఇళ్లకు బిల్లు కట్టేది కిలోవాట్ అవర్ల మీద కాబట్టి, మనకెన్నడూ బిల్లు పడనిదాన్ని తగ్గించడానికి డబ్బాకు డబ్బు పోస్తున్నామన్నమాట. (ఫ్యాక్టరీల సంగతి వేరు, వాళ్ల బిల్లులో పవర్ ఫ్యాక్టరుకూ లెక్క ఉంటుంది.) అమ్మేవాడు వైరుకు క్లాంప్ మీటరు తగిలించి ఆంపియర్లు తగ్గాయని చూపిస్తాడు. నిజంగానే తగ్గుతాయి. చప్పట్లు కొట్టి డబ్బిచ్చి పంపండి.

కొన్ని మీటర్ల మీద ఎర్త్ లైటని ఇంకోటుంటుంది. లోపల న్యూట్రల్‌కు కూడా చిన్న ట్రాన్స్‌ఫార్మర్ పెట్టి కరెంటు కొలుస్తారు. ఫేజులో వెళ్లిందీ న్యూట్రల్‌లో తిరిగొచ్చిందీ సమానం కాకపోతే ఆ లైటు వెలుగుతుంది. గీజరు ఎర్త్‌కు లీకవుతూ ఉండొచ్చు, పక్కవాటాతో న్యూట్రల్ కలిసిపోయి ఉండొచ్చు. ఎలక్ట్రీషియన్ని పిలిస్తే వైరింగంతా చూడాలంటాడు, ఎందుకొచ్చిన గొడవ? ఓ నిమ్మకాయ, రెండు మిరపకాయలు కట్టి, తడిచేత్తో గీజరు స్విచ్చు వేయండి.

అయస్కాంతం పెట్టమని చెప్పే మిత్రుడు ఒకడు ఎలాగూ ఉంటాడు. చాలా మీటర్లు దాన్ని పసిగట్టి తేదీతో, టైముతో సహా రాసి పెట్టుకుంటాయి. 2003 విద్యుత్ చట్టం 135వ సెక్షన్ ప్రకారం మూడేళ్ల దాకా జైలు పడొచ్చు. ఆ మిత్రుడి ఇంట్లో ముందు పెట్టించండి.

ఇంకా మనసు ఊరుకోకపోతే ఫీజు కట్టి మీటరు టెస్టు చేయించండి. పక్కన ఇంకో మీటరు పెట్టి చూస్తారు. రెండూ ఒకే రీడింగ్ చూపిస్తే తొందరపడి నమ్మకండి, రెండూ ఒకే కంపెనీవేమో కనుక్కోండి.