బొరియలో బాలింత

"కిరోసిన్ పొయ్యున్రి సార్, ఒక్క దెబ్బకు ఖతం" అంటాడు ఎదురింటాయన, రోజూ గేటు దగ్గర ఆపి మరీ. రేషన్ షాపులో కిరోసిన్ కనబడి ఏ కాలమైందో గానీ, సలహాల్లో మాత్రం డబ్బాలకొద్దీ దొరుకుతోంది. వాచ్‌మన్‌ది ఇంకో మాట: "గవి కుడితె మనిషి బతుకుడు కష్టం సార్."

మా కరివేపాకు చెట్టు మొదట్లో బొటనవేలు పట్టేంత బొరియ, దాని పక్కన పొడి మట్టి కుప్ప. యజమాని నల్లటి పెద్ద కందిరీగ. ఫొటో తీస్తే ఫోన్ పూటకో పేరు చెప్పింది. ఒకసారైతే జపాన్ రాకాసి కందిరీగంది! అది విమానమెక్కి మా సాతంరాయి రావాలంటే శంషాబాద్‌లోనే దిగాలి. ఇమిగ్రేషన్ వాళ్లు చూసుకోరూ?

ఇంతలో మా బావగారొచ్చి భ్రమరకీటక న్యాయం ఎత్తుకున్నారు. కందిరీగ పురుగును మట్టిగూట్లో పెట్టి ఝుమ్మని తిరుగుతుంటే, పురుగు భయంతో దాన్నే ధ్యానించి చివరికి కందిరీగ అయిపోతుందట. గురువు కూడా శిష్యుణ్ని అలాగే తనంతవాణ్ని చేస్తాడట. ప్రవచనానికి బాగుంది. జరిగేది వేరు. కందిరీగ కుట్టగానే పురుగు చచ్చుబడుతుంది, చావదు. దాని మీదో గుడ్డు. పిల్ల పుట్టి ఆ తాజా మాంసం తిని, రెక్కలొచ్చి బయటికొస్తుంది. పురుగు కందిరీగ కాలేదు బావగారూ, భోజనమైంది! ఇన్నేళ్లుగా పురుగు తరఫున ఒక్కరూ మాట్లాడలేదు. కార్పొరేట్ కాలేజీకి ఫీజు కట్టిన తండ్రికి ఈ న్యాయం చప్పున బోధపడుతుంది. నేనీ మాటన్నాక బావగారు కాఫీ కూడా తాగకుండా వెళ్లిపోయారు.

ఆ మధ్యాహ్నమే కందిరీగ తనకంటే పెద్ద మిడతను మీసాలు పట్టి ఈడ్చుకొచ్చింది. బొరియ ముందు దించి, లోపలికెళ్లి చూసొచ్చి, అప్పుడు లాక్కుంది. గుట్టు తెలిసింది: స్ఫెక్స్ జాతి. ఒంటరి తల్లి. కాపాడుకోవాల్సిన గుంపు లేదు కనుక పట్టుకుని నలిపితే తప్ప మన జోలికి రాదు. మగదానికైతే కొండే ఉండదు.

జడవాల్సింది పొట్ట మీద పసుపు పట్టీ ఉన్న వెస్పా కందిరీగ జాతులకి. వాటిలో కొన్ని కూడా నేలలో గూడు పెడతాయి, కానీ గుంపుగా. వాటిలో ఓరియంటలిస్ తన పసుపు పట్టీతో ఎండను కరెంటుగా మార్చుకోగలదని 2010లో టెల్ అవీవ్ శాస్త్రజ్ఞులు రాశారు. ఇంటి మీద సోలార్ పలకలకు దరఖాస్తు పెట్టి ఎదురుచూస్తున్న నాకు కడుపు మండింది.

ఒకటి మాత్రం గుచ్చుకుంటోంది. 2008లో ఎయిర్‌పోర్టు వచ్చాక ఈ చుట్టుపక్కల చేలు ప్లాట్లయ్యాయి, ప్లాట్లు మేడలయ్యాయి, మేడల ముందు జాగాల్లో బండలు పరిచేశాం. తవ్వుకునే ప్రాణికి మా వాకిట్లో మిగిలిన మట్టి ఆ చెట్టు చుట్టూ మూడడుగులే.

కాబట్టి అయ్యా, మీ పెరట్లో బొరియ కనబడితే దూరంగా కుర్చీ వేసుకుని కాసేపు చూడండి. ఒక్కటే వచ్చిపోతుంటే వదిలేయండి. పదులకొద్దీ వచ్చిపోతుంటే పిల్లల్ని దూరం పెట్టి, తెలిసినవాళ్లను పిలవండి, బొరియ మూయకండి. ఈ ముక్క మా ఎదురింటాయనకు మీరైనా చెప్పండి, నా మాట వినడు.