‘సదుపాయములు కలవు’: టీకా తాత్పర్య సహితము

అవతారిక. ఒకప్పుడు జమీందారుగారి దివాణం, ఇప్పుడు టికెట్టు కొని చూసే చారిత్రక సౌధం. ఊరూ పేరూ చెప్పను. డెబ్బై రెండేళ్ల మా అమ్మను వెంటబెట్టుకుని వెళ్లాను. గేటు దాటగానే ఒక రేకు బోర్డు, తెల్లరంగు మీద నీలపు అక్షరాల్లో ఈ గద్యం. మనుషులు మాట్లాడుకునే తెలుగు కాదు గనక దీనికి వ్యాఖ్య తప్పదని అక్కడికక్కడే తోచింది.

మూలం. ‘సందర్శకులకు సవినయ విజ్ఞప్తి. ఈ సౌధ ప్రాంగణమున మీ సౌకర్యార్థము మంచినీరు, మరుగుదొడ్డి మున్నగు సదుపాయములు కలవు. పచ్చికపై నడువరాదు. ఆసనములపై ఆసీనులు కారాదు. ఇట్లు, యాజమాన్యము.’

మూలంలో లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ ప్రతిజ్ఞ పట్టినవాడు మెదకు సీమ కోలాచల మల్లినాథసూరి. అందులో మొదటి సగం నాకు శిరోధార్యం. రెండో సగం నా వల్ల కాదు.

పచ్చిక. సులభం. వదిలేస్తున్నాను.

ఆసనములపై ఆసీనులు కారాదు. ‘ఆస్’ ధాతువుకు కూర్చొనుట అని అర్థం. కాబట్టి, కూర్చునేదాని మీద కూర్చోకూడదు అని అన్వయం. ఇది విరోధాభాసం అని కొందరంటారు. అది పొసగదు. ఆభాసమైతే కాస్త ఆలోచించగానే విరోధం విడిపోవాలి. లోపలున్న దొరగారి దంతపు కుర్చీ సంగతైతే విడిపోతుంది, న్యాయమే. తోటలో నిన్నగాక మొన్న పోసిన సిమెంటు బెంచీకి కూడా కొబ్బరితాడు చుట్టి ఉంచారు. ఎంత ఆలోచించినా ఆ ముడి విడలేదు. కనుక వట్టి విరోధమే.

కలవు. ఇక్కడ పాఠాంతరం ఉంది. ఎవరో మేకుతో గీకి ‘ల’ను ‘ర’ చేశారు: ‘సదుపాయములు కరవు.’ ర-లకు భేదం లేదని మన ఆలంకారికులు ఎప్పుడో ఒప్పుకున్నారు గనక రెండూ శాస్త్రసమ్మతాలే. మరి ఏది గ్రాహ్యం? మంచినీటి కుళాయి తిప్పి చూశాను. అది ఈల వేసి ఊరుకుంది. రెండో పాఠమే సాధువు.

మరుగుదొడ్డి. మరుగు అంటే చాటు, ఏకాంతం. ఈ మాట దగ్గర నన్ను కాసేపు వదిలేయండి. హైదరాబాదు చౌమహల్లాలో దర్బారు హాలు పేరు ఖిల్వత్ ముబారక్. ఖిల్వత్ అన్నా ఏకాంతమే! అంటే, నిజాముల కొలువుకూటానికీ, మన పెరటి మూల గదికీ నిఘంటువులో ఒకటే అర్థం. అయితే ఆ ‘ఏకాంతం’లో పందొమ్మిది బెల్జియం షాండ్లియర్లు వెలుగుతుండగా, పాలరాతి గద్దె మీద నిజాం ఒక్కడు కూర్చుంటే, కింద అమీరులంతా నజరానాలు పట్టుకుని హాజరయ్యేవారు. సలాబత్ జంగ్ కాలంలో, 1750 ప్రాంతంలో మొదలైన ఆ కట్టడం అఫ్జలుద్దౌలా ఏలుబడిలో (1857-69) గానీ పూర్తికాలేదు. అఫ్జల్, మహతాబ్, తహ్నియత్, ఆఫ్తాబ్ అని నాలుగు మహళ్లు. మహతాబ్ అంటే చంద్రుడు, ఆఫ్తాబ్ అంటే సూర్యుడు. ఎండకొకటి, వెన్నెలకొకటి అన్నమాట. ఇంకొంచెం అవతల పురానీ హవేలీలో ఆరో నిజాం మహబూబ్ అలీ పాషా బట్టల బీరువా ఉంది. పొడవు 176 అడుగులు! కట్టిన బట్ట మళ్లీ కట్టేవాడు కాదని జనం చెప్పుకుంటారు. దాన్ని చూసినప్పుడు ఒక పక్క తలుపుల వెంట నడుస్తూ పోయాను. చివరికి చేరేసరికి ఎందుకు బయల్దేరానో మరిచిపోయాను.

ఇప్పుడూ అదే జరిగింది. ఏమంటున్నాను? ఆఁ, దొడ్డి. దొడ్డి అంటే కంచె వేసిన జాగా. బందెలదొడ్డి అనే మాట పల్లెల్లో ఇంకా వినబడుతుంది. పొలంలో పడ్డ పశువును అందులో పెట్టి తాళం వేస్తారు. ఇక్కడ పశువు బయటే ఉంది, తాళం మాత్రం ఉంది.

సదుపాయము. సత్ + ఉపాయము, జశ్త్వ సంధి. ఉపాయాలు నాలుగు గనక కాపలా మనిషి మీద నాలుగూ వరసగా ప్రయోగించాను.

సామం: ‘బాబూ, పెద్దావిడ, కాస్త తాళం తియ్యి.’ ‘తాళం సారు దగ్గరుంది. సారు భోజనానికెళ్లారు.’

దానం: ఇరవై రూపాయల నోటు. తీసుకోలేదు. పాపం, నిజంగానే తాళం లేదు.

భేదం: ‘తాళం నీకివ్వకుండా జేబులో వేసుకుపోయాడంటే నీ మీద ఆయనకు నమ్మకం లేనట్టేగా?’ ‘లేదండి,’ అన్నాడు ప్రశాంతంగా.

దండం: ‘ఫిర్యాదు పుస్తకం తెండి, రాస్తాను.’ ‘అదీ సారు బీరువాలోనే ఉందండి.’

ఇక్కడ వ్యాఖ్య ఆపి ఒక మాట చెప్పాలి. ఆ రోజు పొద్దుటి నుంచీ అమ్మ నీళ్లు ముట్టలేదు. బస్సులో సీసా అందిస్తే దాహం లేదంది. ఎండలో మూడు గంటల ప్రయాణానికి దాహం ఎందుకు లేదో నాకు ఆ తాళం ముందు నిలబడితే గానీ తెలియలేదు. మన ఆడవాళ్లు ఎక్కడికి బయల్దేరినా ముందు మానేది నీళ్లే. కుళాయి ఎండిపోవడం కూడా యాజమాన్యపు దూరదృష్టే కాబోలు: మొదటి సదుపాయం లేకపోతే రెండోదానితో పనుండదు. ‘మీ సౌకర్యార్థము’ అని సంధి తప్పకుండా రాయించినవారు, తాళానికి రెండో చెవి చేయించలేకపోయారా?

అమ్మ మోకాళ్లు పట్టుకుని మెట్టు మీద కూలబడింది. వెంటనే ఎక్కడినుంచో ఈల. మెట్లూ ఆసనాల కిందికే వస్తాయట. అప్పుడు ఆ కాపలా మనిషి తన ప్లాస్టిక్ స్టూలు తెచ్చి, తువ్వాలుతో దుమ్ము దులిపి, ‘కూకో పెద్దమ్మా,’ అన్నాడు. సారు వచ్చిందాకా, ముప్పావుగంట సేపు, తను నిలబడే ఉన్నాడు.

తాత్పర్యం. ఆ స్టూలు బోర్డులో లేదు. మూలంలో లేనిది రాయనన్న ప్రతిజ్ఞలో నాకు మిగిలిన ఆ సగమూ ఇక్కడితో పోయింది.